ఆకుపచ్చ ఉప్పు, ఊదా ఉప్పు

సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచ్‌ల్లో చాలామంది ఉన్నారు, నేను వేరే సంగతి రాస్తానన్నాను. సరేనన్నారు. అయినా మొదలు మాత్రం మన సైన్సు గదిలోనే పెట్టాలి. మైలుతుత్తం కలిపిన నీళ్లలో మాస్టారు అమ్మోనియా చుక్కలు వేయడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. మొదటి చుక్కలకు లేత నీలం ముద్ద కడుతుంది. ఇంకా వేస్తూ పోతే ఆ ముద్ద కరిగిపోయి, పరీక్షనాళిక అంతా ఇంకు సీసాలా ముదురు నీలం అవుతుంది. 'సంశ్లిష్ట అయాన్ ఏర్పడింది' అని నోట్సులో రాసుకున్నాం. తరవాత ఇంటర్‌లో అదే విషయం 'వెర్నర్ సిద్ధాంతం' పేరుతో ఒకటిన్నర పేజీ వచ్చింది. అది బట్టీ పట్టాం, మార్కులు తెచ్చుకున్నాం, అంతే.

ఆ ఒకటిన్నర పేజీ వెనక ఇద్దరు మనుషుల మధ్య పద్నాలుగేళ్లు నడిచిన వాదం ఒకటుంది. గెలిచినవాడి పేరు మనకు పాఠంలో వచ్చింది. ఓడినవాడి పేరు మా పుస్తకంలో లేదు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని, రసాయన శాస్త్రం నా వృత్తి కాదు. కానీ ఈ కథ చదివినకొద్దీ ఆ లేని పేరు మీదే నాకు మనసు పోతోంది. అందుకే ఈ వ్యాసం.

ముందు చిక్కు ఏమిటో చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగానికి రసాయన శాస్త్రజ్ఞులకు సంయోజకత, అంటే వేలన్సీ లెక్క బాగా కుదిరింది. ఒక్కో పరమాణువుకు ఇన్ని చేతులని లెక్క. హైడ్రోజన్‌కు, క్లోరిన్‌కు ఒక్కటి, ఆక్సిజన్‌కు రెండు, నైట్రోజన్‌కు మూడు, కార్బన్‌కు నాలుగు. చేతులన్నీ పట్టుబడితే అణువు నిండినట్టే. ఈ లెక్కతో కార్బన్ సమ్మేళనాలు వేలకు వేలు అర్థమయ్యాయి. కోబాల్ట్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. కోబాల్ట్ ట్రైక్లోరైడ్‌లో కోబాల్ట్ మూడు చేతులూ మూడు క్లోరిన్‌లను పట్టుకుని ఉన్నాయి. అమ్మోనియాలో నైట్రోజన్ మూడు చేతులూ మూడు హైడ్రోజన్‌లను పట్టుకుని ఉన్నాయి. ఖాళీ చెయ్యి ఎవరికీ లేదు. అయినా ఒక్క కోబాల్ట్ ట్రైక్లోరైడ్ ఆరు అమ్మోనియాలను తనతో కలుపుకుంటుంది. ఆ కలయిక వదులుగా ఉంటుందా అంటే అదీ కాదు. హైడ్రోక్లోరికామ్లం పోసి మరిగే నీటి వేడికి తెచ్చినా ఆ అమ్మోనియా ఊడి రాదు.

ఫ్రాన్సులో తస్సార్ అనే ఆయన కోబాల్ట్ లవణం అమ్మోనియాలో కలిసినప్పుడు గాలి తగిలి రంగు మారడాన్ని 1798లోనే గమనించాడు. తరవాత యాభై ఏళ్లలో ఇలాంటి లవణాలు గుట్టలుగా పోగయ్యాయి. అవి ఎలా కట్టుకుని ఉన్నాయో తెలియదు కాబట్టి 1852 ప్రాంతంలో ఫ్రెమీ వాటికి రంగును బట్టి పేర్లు పెట్టాడు. ఆరు అమ్మోనియాలున్నది పసుపు, పేరు లూటియో. ఐదున్నది నేరేడు పండు రంగు, పేరు పర్పూరియో. నాలుగున్న దానిలో ఆకుపచ్చది ప్రాసియో. గ్రీకులో ఆ మాటకు మూలం ఉల్లిజాతి మొక్క ఒకటి, మన మాటల్లో చెప్పాలంటే ఉల్లికాడ పచ్చ. ఊదా రంగుది వయొలియో. మన ఊళ్లో ఎర్రావు, నల్లావు అని పిలుచుకున్నట్టే. వంశం తెలియనప్పుడు రంగే గుర్తు.

కోబాల్ట్ రంగుల సంగతి మా సబ్‌స్టేషన్ వాళ్లకు కొత్త కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక పక్క గాజు గొట్టంలో సిలికాజెల్ గుళికలు ఉంటాయి, దాన్ని బ్రీదర్ అంటాం. లోపలి ఆయిల్ చల్లారినప్పుడల్లా ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీలుస్తుంది, ఆ గాలిలో తేమను ఈ గుళికలు పట్టేస్తాయి. పొడిగా ఉంటే నీలం, తడిస్తే గులాబీ. గులాబీ కనబడితే గుళికలు మార్చాలి, లేదా వేడి చేసి ఆరబెట్టాలి. ఆ రంగు సిలికాజెల్‌ది కాదు, దానికి పట్టించిన కోబాల్ట్ క్లోరైడ్‌ది. పొడిగా ఉన్నప్పుడు కోబాల్ట్‌ను క్లోరిన్‌లు చుట్టుకుని ఉంటాయి, తడిసినప్పుడు ఆరు నీటి అణువులు వచ్చి చుట్టుకుంటాయి. లోహం అదే, చుట్టూ చేరినవాళ్లు మారారు, రంగు మారింది. (ఆరోగ్యానికి మంచిది కాదని కోబాల్ట్ వాడకం తగ్గి, ఇప్పుడు నారింజ రంగు గుళికలు వస్తున్నాయి.) ఈ 'చుట్టూ చేరడం' అనే మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా అనేస్తున్నాం. 1893కు ముందు ఆ మాట ఎవరికీ తట్టలేదు.

అప్పటికి ఉన్న ఊహ గొలుసు. 1869లో స్వీడన్‌లోని లుండ్ ప్రొఫెసర్ బ్లోమ్‌స్ట్రాండ్ ఒక మాట చెప్పాడు. కార్బన్ పరమాణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసుగా నిలబడుతున్నాయి కదా, అమ్మోనియాలు కూడా అలాగే నిలబడి ఉండొచ్చు. నైట్రోజన్‌కు అవసరమైతే ఐదు చేతులు ఉంటాయనుకుంటే చాలు. అంటే కోబాల్ట్ ఇంజన్, అమ్మోనియాలు పెట్టెలు, చివర గార్డు పెట్టెలా క్లోరిన్. వినడానికి బాగానే ఉంది. ఈ ఊహను తీసుకుని, సరిచేసి, ప్రయోగాల మీద నిలబెట్టినవాడే నేను చెప్పదలచుకున్న మనిషి. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో సోఫస్ మాడ్స్ యోర్గెన్సన్.

యోర్గెన్సన్ 1837లో పుట్టాడు. 1878 నుంచి 1906 దాకా దాదాపు ముప్పై ఏళ్లు కోబాల్ట్, క్రోమియం, రోడియం, ప్లాటినం లవణాల మీదే పని చేశాడు. ఆయన పద్ధతి చూస్తే మా టెస్టింగ్ లాబ్‌లో పాతకాలం ఇంజనీర్లు గుర్తొస్తారు. లవణం తయారు చేయాలి, శుద్ధి చేయాలి, తూచాలి, విశ్లేషించాలి, మళ్లీ చేయాలి, అదే అంకె వచ్చాకే అచ్చుకు పంపాలి. ఆయన చేసిన లవణాలు, ఇచ్చిన తయారీ విధానాలు తరవాత ఎవరికీ తప్పని తేలలేదు.

ఆయన చేతిలో ప్రధానమైన పరీక్ష సిల్వర్ నైట్రేట్. మామూలు ఉప్పు నీళ్లలో రెండు చుక్కలు వేస్తే పెరుగులాంటి తెల్లని అవక్షేపం దిగుతుంది, అది మనమూ చేశాం. లూటియో లవణంలో మూడు క్లోరిన్‌లు ఉంటే మూడూ దిగుతాయి. ఒక అమ్మోనియా తగ్గిన పర్పూరియోలో రెండే దిగుతాయి. ఇంకొకటి తగ్గిన ప్రాసియోలో ఒక్కటే. అమ్మోనియా ఒకటి పోతే, క్లోరిన్ ఒకటి దాక్కుంటుంది! గొలుసు ఊహతో యోర్గెన్సన్ దీనికి చక్కగా సమాధానం చెప్పాడు. గొలుసు చివర ఉన్న క్లోరిన్ కోబాల్ట్‌కు దూరం, కాబట్టి తేలిగ్గా దిగుతుంది. గొలుసు లేకుండా నేరుగా కోబాల్ట్‌కు తగులుకున్న క్లోరిన్ దిగదు. ఆరు, ఐదు, నాలుగు అమ్మోనియాల లవణాలు మూడింటికీ ఈ లెక్క సరిపోయింది.

ఈ దశలో జూరిచ్ నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు.

ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ 1866 డిసెంబరులో ఆల్సాస్ ప్రాంతంలోని ముల్‌హౌస్‌లో పుట్టాడు. తండ్రి ఇనుము పని చేసే కార్మికుడు. 1871లో ఆ ప్రాంతం ఫ్రాన్సు నుంచి జర్మనీ చేతికి పోయింది. వెర్నర్ జర్మన్ సైన్యంలో ఏడాది చేసి, జూరిచ్ పాలిటెక్నిక్‌లో చదివి, 1890లో డాక్టరేట్ పొందాడు. అది నైట్రోజన్ సమ్మేళనాల్లో పరమాణువులు ఏ దిక్కున ఎలా అమరి ఉంటాయన్న విషయం మీద. లోహాల లవణాల మీద కాదు. ఒక రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, చిక్కు విడిపోయినట్టు తోచి, లేచి రాయడం మొదలుపెట్టి సాయంత్రం ఐదింటికి ముగించాడని ఆయన శిష్యుడు పైఫర్ చెప్పిన కథ ఒకటి ప్రచారంలో ఉంది. అయి ఉండొచ్చు. ఆ వ్యాసం 1893లో అచ్చయింది. అప్పటికి వెర్నర్‌కు ఇరవై ఆరేళ్లు. ఈ లవణాల మీద ఆయన సొంత ప్రయోగం అప్పటికి ఒక్కటీ లేదు. ఆధారాలు పరాయివాళ్లవి, ముఖ్యంగా యోర్గెన్సన్‌వి. యోర్గెన్సన్‌కు అప్పుడు యాభై ఐదు. నా ఈడు.

వెర్నర్ చెప్పిందేమిటంటే, గొలుసు లేనే లేదు. లోహానికి రెండు రకాల సంయోజకతలు ఉన్నాయి. మొదటిది మనకు తెలిసిన విద్యుదావేశపు లెక్క, కోబాల్ట్‌కు మూడు. రెండోది స్థానాల లెక్క, అంటే తన చుట్టూ ఎంతమందికి చోటుంది అన్నది, కోబాల్ట్‌కు ఆరు. ఆ ఆరు చోట్లలో కూర్చున్నవాళ్లు లోహంతో కలిసి ఒకే ముక్కగా తిరుగుతారు, అదే సంశ్లిష్ట అయాన్. చోటు దొరకనివాళ్లు బయట విడి అయాన్లుగా ఉంటారు, సిల్వర్ నైట్రేట్‌కు చిక్కేది వాళ్లే. అమ్మోనియా ఒకటి లేచిపోతే ఆ చోట్లోకి బయటి క్లోరిన్ ఒకటి వచ్చి కూర్చుంటుంది. దాక్కున్న క్లోరిన్ రహస్యం అదీ. మనం పుస్తకంలో చూసిన చతురస్రపు బ్రాకెట్టు ఈ లోపలికీ బయటికీ మధ్య గోడ.

ఆ ఆరు చోట్లు ఎలా అమరి ఉంటాయి? పుస్తకం 'అష్టముఖి' అంటుంది. ఎనిమిది ముఖాలని వినగానే సగంమంది అక్కడే ఆగిపోతారు. దిక్కుల లెక్కన చూస్తే ఇంకా సులువు. కోబాల్ట్ నడిమధ్యలో ఉంది. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, పైన, కింద: ఆరు దిక్కులు, ఆరు చోట్లు. ఇప్పుడు నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరిన్‌లు కూర్చోవాలి. క్లోరిన్‌లు ఎదురెదురుగా కూర్చోవచ్చు, తూర్పు పడమరల్లాగా. లేదా పక్కపక్కన, తూర్పు ఉత్తరాల్లాగా. ఎన్ని రకాలుగా తిప్పి చూసినా ఈ రెండే, మూడోది లేదు. ఆరు చోట్లూ బల్లపరుపుగా షడ్భుజిలా ఉంటేనో, పట్టకం మూలల్లా ఉంటేనో మూడు రకాలు రావాలి. ఎంత వెతికినా రెండుకు మించి దొరకడం లేదు. ప్రాసియో ఆకుపచ్చ, వయొలియో ఊదా. ఆకుపచ్చది ఎదురెదురు, ఊదాది పక్కపక్కన అన్నాడు వెర్నర్.

అక్కడితో ఆగలేదు. ఇటలీ మిత్రుడు మియోలాతితో కలిసి ఆ ఏడాది నుంచే ఈ లవణాల ద్రావణాల్లో కరెంటు ఎంత పారుతుందో కొలవడం మొదలుపెట్టాడు. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ద్రావణంలో విడి అయాన్లు ఎక్కువైతే కరెంటు ఎక్కువ పారుతుంది, అయాన్లే లేకపోతే పారదు. ప్లాటినం కూడా ఆరు చోట్ల లోహమే, నాలుగు క్లోరిన్‌లది. దాని లవణాల అంకెలు పాఠ్యపుస్తకాల్లో నేటికీ కనిపిస్తాయి. ఆరు అమ్మోనియాల లవణానికి 523, ఒకటి తగ్గితే 404, తరవాత 229, ఆ తరవాత 97, రెండు అమ్మోనియాలు మిగిలినప్పుడు సున్నా. అక్కడి నుంచి మళ్లీ పైకి, 109, 256. ఎందుకంటే సున్నా దాటాక లోపల క్లోరిన్‌లు ఎక్కువై ముక్క మొత్తం రుణావేశం పొందుతుంది, బయట పొటాషియం అయాన్లు చేరతాయి. గ్రాఫ్ గీస్తే చక్కగా దిగి లేచే లోయ. ఒక్క గోడ ఊహతో ఆ లోయ అంతా లెక్కకు వచ్చేస్తుంది.

ఇక్కడే రెండు సిద్ధాంతాలూ విడిపోయే చోటు కూడా దొరికింది. మూడు అమ్మోనియాలు, మూడు క్లోరిన్‌లు ఉన్న లవణం. గొలుసు లెక్కన ఒక క్లోరిన్ మూడు అమ్మోనియాల గొలుసు చివర ఉండాలి, కాబట్టి ఒకటి దిగాలి. వెర్నర్ లెక్కన ఆరూ లోపలే, ఏదీ దిగకూడదు. కోబాల్ట్‌తో ఆ లవణం యోర్గెన్సన్‌కు చిక్కలేదు. ఇరిడియంతో దాని జోడీని చేశాడు. సిల్వర్ నైట్రేట్ వేశాడు. క్లోరిన్ దిగలేదు. తన సిద్ధాంతానికి ఎదురు నిలిచే ఫలితాన్ని ఆయన దాచలేదు, అచ్చు వేశాడు. ఈ ఒక్క పనికి ఆ మనిషి పేరు పాఠంలో ఉండాలని నా అభిప్రాయం.

అయితే ఒప్పుకున్నాడా? లేదు. ఆయన పట్టుబట్టడానికి కారణం ఉంది, అది మూర్ఖత్వం కాదు. ఆకుపచ్చ, ఊదా జంట అప్పటికి దొరికింది అమ్మోనియాతో కాదు, ఇథిలీన్ డయమిన్‌తో. అది రెండు అమ్మోనియా కొసలున్న అణువు, ఎండ్రకాయ డెక్కల్లా రెండు చోట్లను ఒకేసారి పట్టుకుంటుంది. కోబాల్ట్ మీద దాన్ని ప్రయోగించి ఆ రంగుల జంటను తయారు చేసినవాడు కూడా యోర్గెన్సనే. ఆయన ప్రశ్న సూటిగా ఉంది. రంగు తేడా ఆ డెక్కల అణువు అతుక్కునే తీరు వల్ల వచ్చింది ఎందుకు కాకూడదు? ఆరు దిక్కుల వల్లే వచ్చిందంటే, మామూలు అమ్మోనియాతో కూడా రెండు రంగులూ రావాలి. అమ్మోనియాతో ఆకుపచ్చదొక్కటే ఉంది. ఊదాది ఏదీ? చూపించు.

టెస్ట్ రిపోర్టు లేనిదే సంతకం పెట్టని ఇన్‌స్పెక్టర్లు ప్రతి శాఖలోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్లంటే కుర్ర ఇంజనీర్లకు మంట. నేనూ కుర్రతనంలో తిట్టుకున్నవాణ్నే, ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నాక వేరుగా తోస్తోంది. యోర్గెన్సన్ సంతకం పెట్టకపోవడం వల్లే వెర్నర్ పద్నాలుగేళ్లు ప్రయోగశాల వదల్లేదు. ఒక్కో అభ్యంతరానికీ ఒక్కో కొత్త లవణం, కొత్త కొలత. జూరిచ్ విశ్వవిద్యాలయంలో ఆయన శిష్యులు పని చేసిన పాత భవనం నేలమాళిగకు విద్యార్థులు పెట్టుకున్న పేరు 'కాటకోంబ్స్', అంటే భూగర్భ సమాధులు. చీకటి, ఉక్క, పొగ. కొత్త భవనం 1909లో గానీ రాలేదు. ఆ సమాధుల్లోనే 1907లో ఊదా ఉప్పు దొరికింది. అమ్మోనియాతో, డెక్కల అణువు లేకుండా. చాలా సుకుమారమైన పదార్థం, నీళ్లలో నిలవదు. అన్నేళ్లు ఎవరికీ చిక్కకపోవడంలో వింత లేదు.

డెబ్బై ఏళ్ల యోర్గెన్సన్ ఆ ఫలితం చూశాక వాదం పొడిగించలేదు. వెర్నర్‌దే సరైనదని ఒప్పుకున్నాడు. ముప్పై ఏళ్లు తాను కట్టుకున్న లెక్క పోయింది. తాను అడిగిన రుజువు వచ్చింది.

వెర్నర్‌కు మాత్రం తృప్తి లేదు. ఆరు దిక్కుల అమరికకు ఇంకా గట్టి రుజువు ఒకటుంది. డెక్కల అణువులు రెండు పట్టుకున్న కోబాల్ట్‌ను పక్కపక్క అమరికలో చూస్తే, దాని రూపం, అద్దంలో దాని నీడ ఒకదాని మీద ఒకటి పొదగవు. కుడిచెయ్యి ఎడమచెయ్యి లాగా. అంటే కుడి రకం, ఎడమ రకం విడివిడిగా దొరకాలి, ఒకటి ధ్రువిత కాంతిని ఒక పక్కకు తిప్పితే రెండోది అవతలి పక్కకు తిప్పాలి. బల్లపరుపు అమరికలో ఇది జరగదు. విడదీసే పని అమెరికా నుంచి వచ్చిన విద్యార్థి విక్టర్ కింగ్ మీద పడింది. కరగబెట్టడం, స్ఫటికాలు కట్టించడం, వడకట్టడం, మళ్లీ కరగబెట్టడం. ఇలా రెండు వేల సార్లు చేశానని ఆయనే తరవాత రాసుకున్నాడు. ఊరంతా ఈ సంగతి తెలిసిపోయి, జూరిచ్ వీధుల్లో ఎదురైనవాళ్లు కాంతి తిరుగుతోందా అని పలకరించేవారట. చివరికి 1911లో సహజ కర్పూరం నుంచి తయారయ్యే, కుడి ఎడమ తేడా ముందే ఉన్న ఒక ఆమ్లాన్ని జోడిస్తే రెండు రకాలూ విడిపోయాయి. కుడిచెయ్యి కుడిచేతితో కరచాలనం చేసినప్పుడు ఒకలా, ఎడమచేతితో చేసినప్పుడు ఒకలా ఉంటుంది కదా, కిటుకు అంతే.

ఈ సందర్భంలో ఈడిత్ హంఫ్రీని తలచుకోవాలి. ఇంగ్లండు నుంచి వచ్చి వెర్నర్ దగ్గర 1901లో డాక్టరేట్ చేసింది. ఆమె కింగ్‌కు పదేళ్ల ముందే కోబాల్ట్ పక్కపక్క రకం స్ఫటికాలు చేసింది. ఆ స్ఫటికాల్లో కుడి ఎడమ రకాలు వాటంతట అవే విడిపోయి ఉన్నాయని, అప్పుడే కాంతిలో పెట్టి చూసి ఉంటే పదేళ్ల శ్రమ తప్పేదని ఎనభైల్లో కొందరు వాదించారు. ఆ వాదన నిలవదని తరవాత మరికొందరు రాశారు. ఏదైనా, ఆమె స్ఫటికాలు నేటికీ భద్రంగా ఉన్నాయి.

1913లో వెర్నర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అయినా గొణిగేవాళ్లు గొణుగుతూనే ఉన్నారు. కాంతిని తిప్పడం కార్బన్ గుణం, డెక్కల అణువులో కార్బన్ ఉంది కదా, తిప్పింది అదే అయి ఉండాలి అన్నారు. మరుసటి ఏడు, 1914లో, వెర్నర్ ఆ నోరు కూడా మూయించాడు. నాలుగు కోబాల్ట్‌లు, అమ్మోనియాలు, హైడ్రాక్సిల్ జతలు కలిసిన పెద్ద అయాన్ ఒకటుంది, పేరు హెక్సాల్. అందులో కార్బన్ ఒక్కటి కూడా లేదు. దాన్నీ కుడి ఎడమలుగా విడదీశాడు. ఈ హెక్సాల్ లవణాన్ని మొదట తయారు చేసింది ఎవరంటారు? యోర్గెన్సనే, 1898లో. కానీ ఈ చివరి రుజువు అచ్చయ్యేటప్పటికి ఆయన లేడు. 1914 ఏప్రిల్ 1న కోపెన్‌హాగన్‌లో పోయాడు. వెర్నర్ కూడా ఎంతో కాలం బతకలేదు. మెదడులో రక్తనాళాలు గట్టిపడే జబ్బుతో 1919 నవంబరులో, యాభై రెండేళ్లకే పోయాడు. ఇరవై ఐదేళ్లలో రెండు వందలకు పైగా విద్యార్థుల చేత డాక్టరేట్లు చేయించిన మనిషి.

వెర్నర్ ఆరు దిక్కులని చెప్పింది లవణాల రంగులు, రకాల సంఖ్య, కరెంటు కొలతలు చూసి మాత్రమే. పరమాణువులను ఎవరూ చూడలేదు. ఎక్స్ కిరణాలతో ప్లాటినం లవణాల స్ఫటికాలను పరీక్షించి, ఆరు క్లోరిన్‌లు నిజంగానే ఆరు దిక్కుల్లో ఉన్నాయని తేల్చింది 1921లో, ఆయన పోయిన రెండేళ్లకు. ఆ రెండో సంయోజకత అసలు ఏమిటన్నది ఎలక్ట్రాన్ల లెక్క వచ్చాక తెలిసింది. అమ్మోనియాలో నైట్రోజన్ దగ్గర వాడకుండా మిగిలిన ఎలక్ట్రాన్ జంట ఉంది, దాన్ని లోహానికి ఇస్తుంది. మన మాస్టారి పరీక్షనాళికలో రాగి చుట్టూ జరిగిందీ అదే. మన దేశంలో ఈ దారిలో నడిచినవాళ్లలో కలకత్తా ప్రియదారంజన్ రాయ్ పేరు చెప్పాలి. కుడి రకం సంశ్లిష్టం బంధాలేవీ తెగకుండానే మెలితిరిగి ఎడమ రకంగా మారే ఒక దారిని ఆయన, దత్ కలిసి 1943లో చూపించారు. నేటికీ దాన్ని రాయ్–దత్ మెలిక అనే అంటారు.

ఇంతకీ ఎదురెదురా పక్కపక్కనా అన్న తేడాతో ఎవరికేం పని అని అడగొచ్చు. 1845లో పేరోనే అనే ఇటలీ ఆయన పసుపు రంగు ప్లాటినం లవణం ఒకటి చేశాడు, రెండు అమ్మోనియాలు, రెండు క్లోరిన్‌లు. అవే భాగాలతో ఇంకో లవణం కూడా అప్పటికే ఉంది. ఈ ప్లాటినానికి ఆరు కాదు, నాలుగు చోట్లే, అవీ బల్లపరుపుగా ఉంటాయని, పేరోనే లవణంలో క్లోరిన్‌లు పక్కపక్కన, రెండోదానిలో ఎదురెదురుగా ఉన్నాయని వెర్నర్ 1893 నాటి ఆ వ్యాసంలోనే చెప్పాడు. అదీ ఎవరికీ పట్టలేదు. 1965లో అమెరికాలోని మిషిగన్‌లో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు బాక్టీరియా పెరుగుదల మీద విద్యుత్ క్షేత్రం ప్రభావం చూద్దామని ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు ఇచ్చాడు. కణాలు విభజన మానేసి పొడుగ్గా దారాల్లా సాగిపోయాయి. కారణం కరెంటు కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగి ద్రావణంలోని అమ్మోనియాతో, క్లోరిన్‌తో కట్టుకున్న ప్లాటినం సంశ్లిష్టాలు. వాటిలో పేరోనే లవణం కణితులను కరిగించింది. దానికి సిస్‌ప్లాటిన్ అని పేరు పెట్టి అమెరికాలో 1978లో మందుగా అనుమతించారు. ఇప్పుడు మన ఊళ్ల కాన్సర్ ఆసుపత్రుల్లో సెలైన్ సీసాతో పాటు ఎక్కించేది ఆ కుటుంబం మందులే. ఒంట్లోకి వెళ్లాక క్లోరిన్‌లు రెండూ ఊడిపోతాయి, ఖాళీ అయిన ఆ రెండు పక్కపక్క చోట్లతో ప్లాటినం మన డీఎన్‌ఏ పోగులో పక్కపక్కన ఉన్న రెండు మెట్లను పట్టేస్తుంది. పోగు వంగిపోతుంది, కణం ఇక విభజన చెందలేదు. ఎదురెదురు రకానికి అవే పరమాణువులు, అదే బరువు. కానీ దాని రెండు ఖాళీ చోట్లు చెరోవైపు చూస్తుంటాయి, ఆ పక్కపక్క మెట్లను కలిపి పట్టుకోవడానికి దానికి చెయ్యి అందదు. అది మందు కాలేదు.